తోలు కుట్టు యంత్రము – సూది, దారము



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము మిక్కిలి చిన్నది. ఒక సూది, ఒక దారము. ఇంత చిన్న వస్తువులను గూర్చి పెద్దల యెదుట ప్రసంగించుట యేమని మీలో కొందరు నవ్వవచ్చును. కాని నేను మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో తోలుపనివారి నడుమ చాల యేండ్లు గడపినవాడను. అప్పు చేసి కొన్న యంత్రము మూలపడుటయు, కుట్టిన సరకు తిరిగి వచ్చుటయు, పనివాని కూలి కోతపడుటయు కన్నులార చూచితిని. ఆ నష్టములలో పెక్కింటికి కారణము విచారింపగా, యంత్రము మంచిదే. పనివాని చేయియు మంచిదే. తప్పంతయు కొద్ది రూపాయల సూదిలో నుండెను. కావున ఈ చిన్న విషయమునే మీకు విన్నవింపదలచితిని.

మన యూళ్లలో మోటబావులు నడచిన దినములు మీలో పెద్దవారికి జ్ఞాపకముండును. ఎడ్లు వాలులో దిగుచుండగా తోలుబొక్కెన నిండి పైకి వచ్చెడిది. తొండము నుండి నీరు కాలువలో పడెడిది. ఆ బొక్కెన కుట్టు విడినచో ఆ దినమునకు పొలమునకు నీరు లేదు. దానిని కుట్టినవారు లందలో తంగేడుచెక్కతో ఊరవేసిన తోలును తెచ్చి, ఆరెతో పొడిచి, మైనము పట్టించిన దారముతోనో సన్నని తోలువారుతోనో బిగించెడివారు. వారియొద్ద కొలబద్ద లేదు, అంకెల పట్టిక లేదు. అయినను బొక్కెనకు ఒక ఆరె, చెప్పునకు వేరొక ఆరె వాడెడివారు. దారము లావెంతయో బెజ్జము లావంతయే యుండవలెనని వారి చేతికి తెలియును.

తరువాత కరెంటు మోటార్లు వచ్చెను, మోటలు పోయెను. రబ్బరు చెప్పులును, ప్లాస్టిక్ సామానును వచ్చి ఆరె పనిని తగ్గించెను. మేడ్చల్ మీదుగా నాగపురమునకు పోవు పెద్దబాట ప్రక్కను, శామీర్‌పేట మీదుగా కరీంనగరమునకు పోవు బాట ప్రక్కను బండ్ల సీట్లకు తొడుగులు కుట్టువారును, సంచులు, నడికట్లు కుట్టువారును వెలసిరి. 2016లో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా యేర్పడిన పిదప ఊరికిని నగరమునకును నడిమి హద్దు మరింత చెరిగిపోవుచున్నది. మీ యింటి పిల్లవాడో, మీ వాడలోని పిల్లవాడో కుట్టుయంత్రము కొందునని మీయొద్ద సలహాకో, హామీకో వచ్చుట వింత కాదు. అప్పుడు మీరు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. వానిని చెప్పుటకు ముందు నా తప్పొకటి చెప్పుకొందును.

సుమారు నలుబది యేండ్ల క్రిందట మేడ్చల్ బాట ప్రక్కనున్న యొక చిన్న కార్ఖానాలో నాకు పని. సూదులు, దారములు ఎన్నిక చేసి యంత్రముల కెక్కించుట నా వంతు. శామీర్‌పేట వైపు పల్లెనుండి వచ్చెడి యొక వృద్ధుడు అచ్చట కుట్టుపని చేయుచుండెను. ఆయన యౌవనమున మోటబొక్కెనలు కుట్టినవాడు. ఒకమారు మేకతోలు చేతిసంచులు నలుబది కుట్టవలసి వచ్చెను. రెండు పొరలు కలిసి రెండు మిల్లీమీటర్ల మందమునకు మించదు. లావు దారమునకు లావు బలమనియు, దగ్గర కుట్టునకు అందమనియు తలచి నేను పెద్దసూదియు లావు దారమును ఎక్కించి, అంగుళమునకు 12 కుట్లు పెట్టితిని. వృద్ధుడు ఒకమారు తోలును వంచి చూచి, నావైపు చూచి, మరల వంగి కుట్టసాగెను. నేను లెక్కచేయలేదు.

నెల తిరుగకుండ సంచులు మరలి వచ్చెను. పట్టీలు కుట్టు వెంబడి చినిగిపోయెను. దారము ఒక్కచోటనైనను తెగలేదు, తోలే తెగెను. తపాలా బిళ్లలను బెజ్జముల వరుస వెంబడి చింపినట్లుండెను. యజమాని ఆ వృద్ధుని పిలిచి, చేతివాటము సరిగా లేదని వారము కూలి కోసెను. సూది ఎంచినవాడను నేను. నేను నోరు మెదపలేదు.

కొన్నాళ్లకు మనసు నిలువక ఆయన యింటికి పోయి, తప్పు నాదని చెప్పితిని. ఆయన "నాకెరుకే బిడ్డా" అనెను. కొంతసేపటికి ఆరెను చేతికి తీసికొని, "బతికున్న తోలు మానుతది, సచ్చిన తోలు మానదు. బెజ్జం పెట్టేముందే ఆలోచన చెయ్యాలె" అనెను. ఈ విద్యకు ఇదియే మూలసూత్రము. తక్కిన దంతయు దీని వివరణము.

బట్టకును తోలునకును భేద మిచ్చటనే కలదు. బట్ట పడుగు పేకల నేత. గుండ్రని మొన గల సూది దిగినప్పుడు నూలుపోగులు ప్రక్కకు తొలగి, సూది పైకి రాగానే మరల దగ్గరకు చేరును. కుట్టు విప్పి యుతికినచో బెజ్జము జాడయే కనబడదు. తోలులో పడుగు పేకలు లేవు. సన్నని పీచులు అన్ని దిక్కులకును అల్లుకొని యుండును. సూది వానిని తొలగింపజాలదు, కోసికొని పోవలెను. కోసిన పీచు మరల అతుకదు. కావున తోలుమీద ప్రతి కుట్టును శాశ్వతమైన గాయము. బలమైన కుట్టు కావలెనన్నచో, దారము బలముతోపాటు బెజ్జమునకు బెజ్జమునకు నడుమ మిగిలిన తోలు బలమును గూడ లెక్కింపవలెను.

నా సంచుల లెక్క చూడుడు. అంగుళమునకు 25.4 మిల్లీమీటర్లు. 12 కుట్లు వేసినచో కుట్టునకు 2.1 మిల్లీమీటర్ల చోటు. నేను పెట్టిన సూది 1.4 మిల్లీమీటర్ల లావు. దాని మొన కుట్టు వెంబడి కోయునది. ఇక నడుమ మిగిలిన తోలు 0.7 మిల్లీమీటరు మాత్రమే. 1.1 మిల్లీమీటర్ల సూదితో అంగుళమునకు 8 కుట్లు వేసియున్నచో చోటు 3.2 మిల్లీమీటర్లు, మిగిలెడి తోలు 2.1 మిల్లీమీటర్లు. అనగా మూడింతలు. సన్నని సూది, తక్కువ కుట్లు. అయినను మూడింతల తోలు. ఈ లెక్క వేయుటకు పెద్ద చదువు అక్కరలేదు. ఆనాడు నేను వేయలేదు.

ఎన్నిక చేయునప్పుడు మొదట తోలు మందము చూడవలెను; దానిని బట్టి దారము; దారమును బట్టి సూది. ఈ క్రమము తప్పరాదు. చేత నున్న సూదికి తగిన దారము వెదకుట, కాలికి చెప్పు కుట్టక చెప్పునకు కాలు వెదకుట వంటిది.

మొదట దారము మాట. నూలుదారము తోలునకు ఎక్కువ కాలము నిలువదు. తడికిని, చెమటకును చివుకును. నేడు కార్ఖానా పనిలో వాడునవి నైలాన్, పాలియెస్టర్ అనునవి. నైలాన్ 1935లో అమెరికాలోను, పాలియెస్టర్ నార 1941లో ఇంగ్లండులోను కనిపెట్టబడినవి. నైలాన్ మిక్కిలి బలమైనది. కొంచెము సాగి మరల కుదురుకొనును. కావున లాగుళ్లకు లోనగు సంచులకు, చెప్పులకు నప్పును. కాని నిత్యము ఎండలో నుండినచో నైలాన్ బలము తగ్గిపోవును. ఎండలో నిలుచు బండి సీటునకు పాలియెస్టర్ మేలు. రెండింటిలోను పోగులను జిగురుతో కలిపి పూత పూసిన రకము కలదు. తోలు రాపిడికి పోగులు విచ్చిపోకుండుటకు ఆ రకమునే కొనవలెను.

దారము లావును తెలుపు అంకె ఉండమీద నుండును. టెక్స్ అను లెక్కలో 1000 మీటర్ల దారము ఎన్ని గ్రాములు తూగునో అదియే అంకె. టెక్స్ 135 అనగా 1000 మీటర్లు 135 గ్రాములు. అంకె పెరిగినకొలది దారము లావగును. టికెట్ అను వేరొక లెక్క కలదు. అందు అంకె పెరిగినకొలది దారము సన్నమగును. టికెట్ 20 లావు, టికెట్ 40 సన్నము. ఈ రెండు లెక్కలు తారుమారై మోసపోయినవారు పెక్కుమంది. దుకాణమున అడుగునప్పుడు ఏ లెక్కయో ముందు అడుగుడు.

సన్నని మేకతోలు పొరలు రెండు కలిసి రెండు మిల్లీమీటర్ల లోపు ఉన్నచో టెక్స్ 70 చాలును. మూడు మిల్లీమీటర్ల సంచి కుట్టునకు టెక్స్ 90 గాని, బరువు మోయవలసిన చోట 135 గాని తగును. నాలుగైదు మిల్లీమీటర్ల బఱ్ఱెతోలు నడికట్టునకు టెక్స్ 135 మొదలు 210 వరకు వాడవచ్చును. లావు దారమును పలుచని తోలునకు ఎక్కించినచో పైదారము క్రిందిదారము కలియు ముడి లోపల దాగుటకు చోటు చాలక, పైకో క్రిందికో తేలి రాపిడికి తెగును. క్రింది బాబినులో అదే లావు గాని, ఒక మెట్టు సన్నము గాని వేయుట వాడుక.

దారమునకు పేటలు త్రిప్పిన దిక్కు కూడ చూడవలెను. సాధారణముగా కార్ఖానా యంత్రములకు ఎడమపురి దారము కావలెను. దారమును ఎడమచేతి వ్రేళ్లతో పట్టుకొని, కుడిచేతి బొటనవ్రేలు చూపుడువ్రేళ్ల నడుమ పైభాగమును తనవైపునకు దొర్లించి చూడుడు. పేటలు బిగిసినచో ఎడమపురి, విచ్చినచో కుడిపురి. కుడిపురి దారము పరుగులో విచ్చుకొని పోగులు పోగులుగా తెగును. పనివాడు యంత్రమును తిట్టుచుండును.

ఇక సూది. చేతిసూదికి బెజ్జము తోకవైపు. యంత్రపు సూదికి బెజ్జము మొనవైపు. 1846లో అమెరికాలో ఎలియాస్ హౌ అను నతడు హక్కుపత్రము పొందిన యంత్రములో ఈ మొనవైపు బెజ్జపు సూదియే కలదు. ఈ సూదిని కొనునప్పుడు మూడు గుర్తులు చూడవలెను: తరగతి, లావు, మొన.

తరగతి యనగా సూది పొడవును, పట్టు భాగపు లావును. ప్రతి యంత్రమునకు ఒక తరగతి నియమింపబడి యుండును. అది తప్పినచో సూదిని అందుకొనవలసిన కొక్కెమునకు దారపు ఉచ్చు చిక్కదు, కుట్లు తప్పిపోవును, ఒక్కొక్కప్పుడు సూది విరిగి కంటికే ప్రమాదము. బాట ప్రక్క చెప్పులు బాగుచేయువారియొద్ద పాదము అన్ని దిక్కులకు తిరుగు సింగర్ 29కె అను పాతయంత్రమును మీరు చూచియుందురు. ఆ 'కె' అక్షరము స్కాట్లండులోని కిల్బోవీ కార్ఖానాకు గుర్తు. ఆ కార్ఖానా 1980లో మూతపడినది. ఆ యంత్రము సన్నని, నడితరపు దారములకే తాళును; దాని సూది వేరు. బల్లమీద నిలుచు నడకపాదపు యంత్రమునకు, అనగా జూకీ డి.ఎన్.యు. 1541 వంటి దానికి, 135 తరగతి సూది. అందు 135×17 అనునది గుండ్రని బట్టమొన; 135×16 అనునది కోసెడి తోలుమొన. పొడవు రెండింటికి నొకటియే. యంత్రమునకు రెండును పట్టును. కావుననే పొరపాటు సులభము. యంత్రముతోపాటు వచ్చిన సూది 135×17 అయినచో, దానితోనే తోలు కుట్టి చెడగొట్టుకొనువారు కలరు. రెగ్జిన్, కాన్వాసు, నైలాన్ పట్టీలకు గుండ్రని మొనయే మేలు. అచ్చట తోలుమొన పెట్టినచో పోగులను కోసి కుట్టును బలహీనము చేయును.

రెండవ గుర్తు లావు. 140/22 అని పొట్లముమీద నున్నచో, 140 అనగా 1.40 మిల్లీమీటర్లు, 22 అనునది సింగరు వారి లెక్కలో అదే లావు. టెక్స్ 70 దారమునకు 100 గాని 110 గాని. టెక్స్ 90కి 110 మొదలు 125. టెక్స్ 135కి 130 గాని 140 గాని. టెక్స్ 210కి 160 మొదలు 180. సూదికి ఒక ప్రక్క పొడుగు గాడి యుండును. సూది దిగునప్పుడు దారము ఆ గాడిలో దాగును. దారము గాడికంటె లావైనచో తోలును ఒరసికొని చీలును. సూది దారమునకంటె మిక్కిలి లావైనచో బెజ్జము వదులై నీరు దిగును. సూదిని బిగించునప్పుడు పొడుగు గాడి దారము వచ్చు వైపునకును, బెజ్జముపైనున్న చిన్నగుంట కొక్కెము వైపునకును ఉండవలెను.

సరిపోయినదో లేదో తెలిసికొనుటకు తేలికయైన పరీక్ష కలదు. జానెడున్నర దారమును సూది బెజ్జములో దూర్చి, రెండు చేతులతో ఏటవాలుగా పట్టుకొనుడు. సూది తన బరువుతో తాను మెల్లగా జారినచో సరిపోయినది. నడుమ ఆగినచో సూది చిన్నది.

మూడవ గుర్తు మొన. దీనిని అక్షరములతో తెలుపుదురు. 'ఎస్' మొన కుట్టు వెంబడి పొడుగున కోయును. దారము సూటిగా, లోతుగా కూర్చుండును. దూరపు కుట్లకు, నడికట్లకు అది తగును. దగ్గర కుట్లకు పనికిరాదు. కోతలు ఒకదానితో నొకటి కలిసి పట్టీ చినుగును. నేను చేసిన పని యిదియే. 'పి' మొన కుట్టునకు అడ్డముగా కోయును. కోతలు ప్రక్కప్రక్కన నిలుచును గనుక దగ్గర కుట్లకు నప్పును. 'ఎల్.ఆర్.' మొన ఏటవాలుగా కోయును. కుట్లు కొంచెము వాలి, చూపునకు ఇంపుగా నుండును. సంచులకు, చెప్పుల పైభాగమునకు ఇది వాడుక. క్రొత్తగా పని నేర్చువారికి నేను మొదట ఈ ఎల్.ఆర్. మొననే యిచ్చెదను.

సంచులకు, నడికట్లకు అంగుళమునకు 6 మొదలు 8 కుట్లు చాలును. సూది ఎంత మంచిదైనను మొన మొద్దుబారును. తోలు మీద 'టప్పు టప్పు' మని మ్రోత వచ్చినను, కోత అంచున పీచు లేచినను, కుట్లు తప్పినను వెంటనే మార్చవలెను. మిక్కిలి వేగముగా నడపినచో రాపిడికి సూది వేడెక్కి నైలాన్ దారము మెత్తబడి తెగును. అట్టియెడ దారమును నిందింపక వేగము తగ్గింపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన నియమము చివర చెప్పుచున్నాను. అసలు సరకుమీద మొదటి కుట్టు వేయరాదు. అదే తోలు తునకలను, అన్నియే పొరలు కలిపి, జానెడు పొడవు కుట్టి చూడవలెను. రెండు ప్రక్కల కుట్టు ఒక్కతీరుగా నున్నదా? కత్తితో అడ్డముగా కోసి చూచినచో ముడి నడుమ నున్నదా? రెండు చేతులతో గట్టిగా లాగినచో ఏది ముందు తెగుచున్నది? దారము తెగినచో మరల కుట్టుకొనవచ్చును. తోలు తెగినచో సరకు పోయినట్లే. కావున తెగినను దారమే ముందు తెగునట్లు ఎన్నిక చేయుట వివేకము.

పెద్దలారా! యంత్రము కొనుటకు ధనము సమకూర్చుచో, అందు కొంత వేరుగా తీసి మూడు నాలుగు లావుల సూదులకును, రెండు మూడు రకముల దారమునకును ఉంచుమని పిల్లవానికి చెప్పుడు. "నీ యంత్రమునకు ఏ తరగతి సూది? మొన యేది? తునక మీద కుట్టి చూచితివా?" అని యడుగుడు. జవాబు చెప్పలేకున్నచో ముందు ఎవరియొద్దనైనను పని నేర్చుకొనుమనుడు. శ్రద్ధ గలవారు చదువదలచినచో హైదరాబాదులో పాదరక్షల పని నేర్పు ఎఫ్.డి.డి.ఐ. శాఖ కలదు, మద్రాసులో 1948లో నెలకొన్న కేంద్ర చర్మ పరిశోధనాలయము కలదు. ఊళ్లలో మిగిలిన ముదుసలి పనివారును గురువులే. వారి చేతిలోనిది అంకెలలో లేకున్నను అదియు విద్యయే.

మరియొక మాట. కుట్టు విడినప్పుడు కుట్టినవానిని తిట్టుటకు ముందు, సూది ఎంచినవాడెవడో విచారింపుడు. పంచాయితీలో అట్టి తగవు మీ యెదుటికి వచ్చినచో, విడిన చోటు తెప్పించి చూడుడు. దారము తెగినదా, తోలు చినిగినదా? తోలు బెజ్జముల వరుస వెంబడి చినిగియున్నచో ముందుగా సూదిని, కుట్ల లెక్కను విచారింపుడు. పేదవాని వారము కూలి ఆ విచారణ మీద నిలిచి యుండవచ్చును.

ఆ వృద్ధుడు నేడు లేడు. మరుసటి జీతమున నేను ఆ వారము కూలిని ఆయనకు ఇచ్చితిని. ఆయన సగము పుచ్చుకొని, సగముతో సూదులు కొని తెమ్మనెను. ఆ సూదులు కొనిపోయిన దినమున ఆయన నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, తోలుతునక మీద బెజ్జమునకు బెజ్జమునకు నడుమ ఎంత విడువవలెనో వ్రేలిగోటితో గీచి చూపెను. నేటికిని క్రొత్త తోలు చేతికి వచ్చినప్పుడు నేను మొదట గోటితోనే గీచి చూచుకొందును. అటుపిమ్మట లెక్క వేయుదును.